పరిశోధనకు కొత్త దేశం వచ్చారా? ముందు అనుమతుల పని కదిలించండి

పరిశోధన కోసం కొత్త దేశంలో దిగినవాళ్లు మొదటి వారాల్లో ఇల్లు, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు చూసుకుంటారు. వాటికి దారి చూపేవాళ్లు యూనివర్సిటీలో ఎవరో ఒకరు ఉంటారు. చేరిన విభాగంలో పని ఎలా మొదలవుతుందో, ఏ కాగితం ఎంత ముందుగా పెట్టాలో మాత్రం సాధారణంగా ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. మాగ్నెటిక్ రెజొనెన్స్ (ఎంఆర్, అంటే ఎంఆర్ఐ స్కాన్ల వెనక ఉన్న) భౌతికశాస్త్రం, ఆర్థికశాస్త్రం, మీడియా అధ్యయనాలు, ఈ మూడింటిలో దేనికి వచ్చినవారికైనా ఈ సూచనలు పనికొస్తాయి. పైకి ఈ మూడింటికీ పొంతన ఉన్నట్టు కనిపించదు. కానీ మూడింటిలోనూ మన చేతికి వచ్చేది ఇతరులది. ఒకచోట వాళ్ల శరీరం, ఇంకోచోట వాళ్ల జీతం లెక్క, మరోచోట వాళ్ల మాట. అందుకే చాలాసార్లు అసలు పని కంటే అనుమతికే ఎక్కువ కాలం పడుతుంది. మొదటి నెలలోనే ఆ పని కదిలిస్తే తర్వాత చాలా టెన్షన్ తగ్గుతుంది.

ఎంఆర్ ల్యాబ్‌లో చేరినవారు అన్నిటికంటే ముందు భద్రత నేర్చుకోవాలి. స్కానర్‌లోని సూపర్‌కండక్టింగ్ అయస్కాంతం రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. స్కాన్ లేదని, లైట్లు ఆర్పేశారని అది ఆగదు. అయస్కాంత క్షేత్రం బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. 3 టెస్లా స్కానర్ అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు 60,000 రెట్లు. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక ఆస్పత్రిలో, స్కానర్ గదిలోకి తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్‌ను అయస్కాంతం లాగేసుకుంది. లోపల ఉన్న ఆరేళ్ల బాలుడు ఆ దెబ్బకు చనిపోయాడు. కాబట్టి శిక్షణ పూర్తయి, అనుమతి ఉన్నవారి జాబితాలో మీ పేరు చేరేదాకా ఎంత సీనియర్ పిలిచినా ఆ గుమ్మం దాటకండి. జేబులో తాళంచెవి, జడలో పిన్ను, పాత ఆపరేషన్‌లో పెట్టిన క్లిప్పు, కంట్లో ఎప్పుడో పడ్డ ఇనుప రజను, ఏది ఉన్నా ఫారంలో దాచకుండా రాయండి.

అయస్కాంతాన్ని చల్లగా ఉంచేది మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉండే ద్రవ హీలియం. ఏదైనా కారణం వల్ల అది ఒక్కసారిగా మరిగిపోతే క్వెంచ్ అంటారు. ఆ ద్రవం వాయువుగా మారితే 700 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. పైకి పోయే గొట్టం సరిగా పనిచేయకపోతే అది గదిలోకి వచ్చి ఆక్సిజన్‌ను నెట్టేస్తుంది. లోపలి ఒత్తిడికి తలుపు తెరుచుకోకపోవచ్చు కూడా. మీ ల్యాబ్‌లో ఆ పరిస్థితి వస్తే ఏం చేయాలో, ఎటు బయటికి రావాలో మొదటి రోజే అడగండి. ఇలాంటివి అడిగితే భయస్థులనుకుంటారేమోనని మొహమాటపడొద్దు. మంచి ల్యాబ్‌లో ఇలా అడిగేవాళ్లనే నమ్ముతారు.

ఇంకొక విషయం. కొత్తగా చేరినవారిని తరచూ ప్రయోగాత్మక స్కాన్‌కు వాలంటీర్‌గా పడుకోమని అడుగుతారు. ఇష్టమైతే సరే. ఇష్టం లేకపోతే కారణం చెప్పకుండానే కాదనే హక్కు మీకుంది. గైడ్ అడిగారు కదా అని ఒప్పుకోనక్కర్లేదు. మొదట్లో మనుషుల మీద కాకుండా ఫాంటమ్ మీద, అంటే నీళ్లో జెల్లో నింపిన సీసా మీద, సాధన చేయడమే మేలు. పల్స్ సీక్వెన్స్, అంటే స్కానర్ ఏ సంకేతాన్ని ఎప్పుడు పంపాలో చెప్పే ఆదేశాల వరుస, రాయాల్సిన పనైతే, స్కానర్ తయారీ సంస్థతో యూనివర్సిటీకి ఉన్న పరిశోధన ఒప్పందంలో మీ పేరు చేర్చారో లేదో వెంటనే కనుక్కోండి. ఆ సంతకాలు పడేదాకా కోడ్ చేతికి రాదు. స్కానర్ ఆస్పత్రితో ఉమ్మడిదైతే పగలంతా రోగులకే. పరిశోధకులకు సాయంత్రాలు, సెలవు రోజులు మిగులుతాయి. స్కాన్ తీసే రేడియోగ్రాఫర్లతో స్నేహంగా ఉండండి. పుస్తకంలో దొరకని మెళకువలు చాలావరకు వాళ్ల దగ్గరే నేర్చుకుంటారు.

స్కాన్ చిత్రాల నుంచి పేరు తీసేస్తే మనిషి గుర్తింపు పోయినట్టే అనుకోవద్దు. తల స్కాన్ నుంచి ముఖం ఆకారాన్ని మళ్లీ కట్టవచ్చు. అందుకే డేటా బయటికి ఇచ్చే ముందు ముఖం భాగాన్ని చెరిపేస్తారు. చిత్రంలో అనుమానంగా ఏదైనా కనిపిస్తే పడుకున్న మనిషికి మీరు చెప్పకూడదు. దానికి ముందే రాసిపెట్టిన పద్ధతి, చూసే వైద్యుడు ఉంటారు. వాళ్లెవరో తెలుసుకుని ఉండండి.

ఆర్థికశాస్త్రంలో చేరినవారు మొదట తట్టుకోవాల్సింది సెమినార్‌ను. వక్త రెండో స్లైడ్‌కు కూడా రాకముందే ప్రశ్నలు మొదలవుతాయి, చివరిదాకా ఆగవు. ప్రశ్న ఎంత పదునుగా ఉన్నా దాన్ని మనిషి మీద కోపంగా తీసుకోకండి. ఆ రంగంలో శ్రద్ధ చూపించే తీరే అది. మీ మొదటి ప్రశ్న వేయడానికి ఏడాది ఆగొద్దు. చిన్నదైనా సరే, నమూనా (శాంపిల్) ఎలా ఎంచుకున్నారని అడిగినా చాలు.

ఇక్కడ అనుమతి అంటే ఎక్కువగా డేటాకు. వ్యక్తుల పన్ను, జీతం, ఉద్యోగం వివరాలున్న ప్రభుత్వ రికార్డులు మీ ల్యాప్‌టాప్‌లోకి రావు. భద్రమైన గదిలోనో, కాపలా ఉన్న సర్వర్ మీదో పని చేయాలి. ఫలితాలు బయటికి తెచ్చే ముందు వాటిని అధికారులు పరిశీలిస్తారు. పట్టికలో ఒక గడిలో చాలా కొద్దిమందే ఉంటే దాన్ని ఆపేస్తారు. విదేశీయులకు ఈ అనుమతి ఇంకా ఆలస్యం కావచ్చు, కొన్నిచోట్ల అసలు రాకపోవచ్చు. కాబట్టి థీసిస్ మొత్తాన్ని ఒకే రహస్య డేటా మీద పెట్టకండి. అందరికీ దొరికే డేటాతో ఒక అధ్యాయమైనా సిద్ధం చేసుకోండి. ఈ ఒక్క సలహాను మాత్రం ఎవరూ పక్కన పెట్టవద్దని నా కోరిక.

క్షేత్ర ప్రయోగం, అంటే ల్యాబ్ బయట మామూలు జీవితంలోని మనుషులతో ప్రయోగం, చేసేవారు మొదలుపెట్టకముందే ప్రణాళికను నమోదు చేయండి. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ 2013 నుంచి దానికోసమే ఒక రిజిస్ట్రీ నడుపుతోంది. ఆ సంఘం పత్రికల్లో వ్యాసం అచ్చవ్వాలంటే కోడ్, డేటా వివరాలు కూడా ఇవ్వాలి. పాత డూ ఫైళ్లను, అంటే స్టాటా సాఫ్ట్‌వేర్‌లో లెక్కల ఆదేశాలు రాసిన ఫైళ్లను, వెతుక్కుంటూ ఆఖర్లో అవస్థ పడకుండా, మొదటి రోజు నుంచే ఫోల్డర్లు శుభ్రంగా పెట్టుకోండి. వ్యాసం పత్రికలో రావడానికి ఏళ్లు పట్టడం ఇక్కడ మామూలే. అందుకే అందరూ వర్కింగ్ పేపర్లుగానే, అంటే పత్రికలో రాకముందే బయటపెట్టే ప్రతులుగానే, చదువుతారు, మీరూ అలాగే వెలువరించండి.

మీడియా అధ్యయనాల్లో ఒంటరితనం ఎక్కువ. ల్యాబ్ ఉండదు, రోజూ పలకరించే బృందం ఉండదు, గైడ్‌ను కలవడం నెలకోసారి కావచ్చు. చదివే బృందం ఒకటి ఉంటే వెంటనే చేరండి, లేకపోతే మరొకరితో కలిసి మొదలుపెట్టండి. సదస్సుల్లో చాలామంది రాసుకొచ్చిన వ్యాసాన్ని చదువుతారు, ప్రశ్నలు చివర్లోనే.

ఇంటర్వ్యూలకు, ఆన్‌లైన్ పోస్టుల సేకరణకు నైతిక కమిటీ అనుమతి ముందే కావాలి. తర్వాత తెచ్చుకుంటామంటే కుదరదు, అప్పటిదాకా చేసిన సేకరణ వృథా అవుతుంది. పోస్టు అందరికీ కనిపిస్తోంది కదా అని అదే మాటల్లో ఎత్తిరాస్తే, ఆ వాక్యాన్ని వెతికి రాసినవారిని పట్టుకోవచ్చు. పేరు మార్చినా దాచినట్టు కాదు. సోషల్ మీడియా వేదికల డేటా మీద ఆధారపడేవారికి మరో జాగ్రత్త. ట్విట్టర్ ఉచిత డేటా దారి 2023లో మూతపడింది, ఫేస్‌బుక్ పోస్టులను గమనించడానికి పరిశోధకులు వాడే సాధనం క్రౌడ్‌ట్యాంగిల్‌ను మెటా 2024 ఆగస్టులో ఆపేసింది. ఎన్నో థీసిస్‌లు వీటిమీదే నడిచాయి. ఐరోపాలో ఉన్నవారు డిజిటల్ సేవల చట్టం 40వ అధికరణం కింద పెద్ద వేదికలను డేటా అడగవచ్చు, కానీ దానికీ దరఖాస్తు, వేచిచూడటం తప్పవు.

పేరు గురించి కొంచెం. ఎంఆర్ వ్యాసాల్లో ఎక్కువ పని చేసినవారి పేరు మొదట, ల్యాబ్ పెద్ద పేరు చివర ఉంటాయి. ఆర్థికశాస్త్రంలో అక్షరక్రమమే రివాజు. మీడియా అధ్యయనాల్లో ఒంటరిగా రాసిన వ్యాసానికి, పుస్తకానికి విలువ ఎక్కువ. ఎవరి పేరు ఎక్కడన్నది పని మొదట్లోనే మాట్లాడుకుని, ఆ మాటలను ఒక ఈమెయిల్‌లో పెట్టండి. ఇంటిపేరు ముందో వెనకో ఒకసారి తేల్చుకుని, అన్ని వ్యాసాల్లోనూ అలాగే రాయండి. ఉచితంగా దొరికే 16 అంకెల ఆర్కిడ్ (ORCID) నంబరు, అంటే పరిశోధకుల గుర్తింపు సంఖ్య, తీసుకుంటే మీ వ్యాసాలు వేరొకరి ఖాతాలో కలవవు.

కొందరు ఈ రంగాల మధ్యే పనిచేస్తారు. డబ్బు పంచుకునే ఆటలో అన్యాయమైన వాటా వచ్చినప్పుడు మెదడులో ఏం జరుగుతుందో చూపిన అధ్యయనం 2003లో సైన్స్ పత్రికలో వచ్చింది. స్కానర్‌లో పడుకుని సినిమా చూస్తున్న ప్రేక్షకుల మెదళ్లు ఎంతవరకు ఒకేలా స్పందిస్తాయన్నది మరుసటి ఏడాది అదే పత్రికలో వచ్చింది. ఇలాంటి పనికి వచ్చారంటే రెండు విభాగాల్లోనూ గైడ్లు కావాలి, నైతిక కమిటీ ఏ విభాగానిదో ముందే తేలాలి. ఆర్థికశాస్త్ర ప్రయోగాల్లో పాల్గొనేవారిని మోసపుచ్చడం నిషిద్ధంగా చూస్తారు. మనస్తత్వశాస్త్రం వైపు నుంచి వచ్చేవాళ్లు తగిన కారణం ఉంటే దాన్ని అనుమతిస్తారు. స్కానర్ సమయం బుక్ చేయకముందే ఈ ఒక్క విషయంలో ఇద్దరు గైడ్లనూ ఒకేచోట కూర్చోబెట్టి మాట్లాడించండి.