టెర్రస్ నుంచి నీళ్లు కారితే ఖర్చెవరిది?

అనంతపురంలో వానలు తక్కువ కదా అని అపార్ట్‌మెంట్ టెర్రస్‌ను ఎవరూ పట్టించుకోరు. సెప్టెంబర్ వానలకు మా బెడ్‌రూమ్ సీలింగ్ మొత్తం చెమ్మగిల్లి, పెచ్చులు ఊడి మంచం మీద పడ్డాయి. మాది పైఅంతస్తు. సెక్రటరీని అడిగితే, "నీ నెత్తిన కారితే అసోసియేషన్ ఏం చేస్తుందన్నా?" అన్నాడు.

వాదించే ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చుకోవాలి. వానలు ఆగి సీలింగ్ ఆరాక, ప్లంబర్‌తో టెర్రస్ మీద నీళ్లు పోయే పైపు మూతికి గుడ్డ కుక్కించి, ఆ మూలలో నీళ్లు నిలబెట్టాం. మర్నాటికల్లా అదే చోట మచ్చ తేలింది. సెక్రటరీని పిలిచి చూపించాను, ఫొటోలు తీశాను. అసలు పని చేసింది ఈ పరీక్షే.

తర్వాత లెటర్ రాసి, అందినట్టు సంతకం తీసుకున్నాను. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం పైకప్పును ఉమ్మడి భాగాల్లో చేర్చిందనీ, మా అసోసియేషన్ నియమావళి (బైలాస్)లోనూ టెర్రస్ ఉమ్మడిదేననీ అందులో రాశాను. బిల్డర్ మీదికి నెట్టే వీలు మాకు లేదు: రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో నిర్మాణ లోపాలకు గడువు పొజెషన్ నుంచి 5 ఏళ్లే, మాది పాత బిల్డింగ్.

మీటింగ్‌లో కింది ఫ్లాట్ల వాళ్లు కాసేపు గొణిగారు. లిఫ్ట్ ఖర్చు పైవాళ్లే కడుతున్నారా అని ఒక పెద్దాయన అడిగేసరికి తగ్గారు. వాటర్‌ప్రూఫింగ్, సీలింగ్ ప్లాస్టరింగ్ మెయింటెనెన్స్ ఫండ్ నుంచి చేయించారు. పెయింట్ నేనే వేయించుకున్నాను. అంతవరకు సర్దుకుపోవచ్చు, రోజూ ముఖాలు చూసుకునేవాళ్లమే కదా.