మెడ నొప్పి మీది, తప్పు కుర్చీది: దంతవైద్యులకు సమస్య - పరిష్కారం

రాత్రి తొమ్మిదికి చివరి పేషెంటును పంపి, గ్లవ్స్ తీస్తూ మెడను అటూ ఇటూ విరుచుకోవడం మన వృత్తిలో చాలామందికి అలవాటు. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. దిండు మార్చాను, నూనె మర్దన చేయించుకున్నాను, మాత్రలు మింగాను. అసలు కారణం మాత్రం పేషెంటును పడుకోబెట్టే తీరులో దొరికింది.

మెడ వెనుక నొప్పి, పై దవడ పని ఉన్న రోజు మరీ ఎక్కువ

తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా ఉంటే వెన్నుపూసలే మోస్తాయి, వంచితే మెడ వెనుక కండరాలు లాగి పట్టుకోవాలి. 20 డిగ్రీలకు మించి వంచి, కదలకుండా అరగంట ఆర్‌సీటీ (రూట్ కెనాల్ చికిత్స) చేస్తే బిగుసుకున్న కండరానికి రక్తప్రసరణ తగ్గుతుంది. వంగడం కన్నా వంగి కదలకుండా ఉండటమే ఎక్కువ చేటు.

ఎందుకు వంగుతున్నాం? సగానికి సగం మొహమాటం. పేషెంటు పెద్దవారైతే పూర్తిగా పడుకోబెట్టడానికి, "గడ్డం పైకెత్తండి" అనడానికి నోరు రాదు. అడగండి. పై దవడకు కుర్చీ పూర్తిగా వాల్చి, గడ్డం పైకెత్తించి, మౌత్ మిర్రర్‌లో చూస్తూ పని చేయండి. కాలేజీలో నేర్చుకున్న ఆ అద్దం విద్యను క్లినిక్ పెట్టగానే మరిచిపోతాం. కింది దవడకు కుర్చీ వీపును 20 నుంచి 30 డిగ్రీలు లేపి, గడ్డం దించమనండి. నోరు మీ మోచేతి ఎత్తులో, లేదా కాస్త పైన ఉండాలి. ఆయాసం ఉన్నవారు, నెలలు నిండుతున్న గర్భిణులు నిజంగానే వెల్లకిలా పడుకోలేరు. వారికి పనిని చిన్న చిన్న సిట్టింగులుగా విడగొట్టండి.

రెండో కారణం గోడ. ఒక షట్టరు గదిలో క్లినిక్ పెట్టినప్పుడు చోటు కలిసొస్తుందని కుర్చీ తలవైపును గోడకు ఆనించేస్తాం. ఇక పేషెంటు తల వెనుక, అంటే గడియారంలో 12 స్థానంలో, కూర్చునే వీలుండదు. రోజంతా 9 దగ్గరే కూర్చుని నడుము మెలితిప్పాలి. స్టూలు పట్టి, మోకాళ్లు తిరిగేంత మేర కుర్చీని ముందుకు జరిపించండి. నీటి పైపు మార్చడానికి ప్లంబరుకు ఇచ్చే డబ్బు ఫిజియోథెరపీ ఖర్చు ముందు లెక్కలోది కాదు.

లూప్స్ (పంటిని పెద్దగా చూపే భూతద్దాల కళ్లజోడు) కొన్నాక నొప్పి పెరిగిందా? అయితే అవి మీ పని దూరానికి కొలిచి చేసినవి కావు, లేదా వాటి డిక్లినేషన్ కోణం, అంటే అద్దాలు కిందికి వాలే కోణం, చాలదు. కళ్లు దించితే సరిపోవలసిన చోట తల దించవలసి వస్తోంది. వెనక్కిచ్చి సరిచేయించుకోండి.

కుడి భుజం మాత్రమే లాగడం

పేషెంటును మరీ ఎత్తులో పెట్టారు. మోచేయి పక్కకు లేచిపోతోంది. కుర్చీ దించండి.

నడుము నొప్పి

స్టూలు అంచున కూర్చుంటున్నారు, లేదా డ్రిల్లు నడిపే కాలి పెడల్ దూరంగా ఉంది. పెడల్‌ను దగ్గరకు లాక్కోండి, తొడలు మోకాళ్ల వైపు కొద్దిగా ఏటవాలుగా ఉండేలా స్టూలు పెంచండి. వెనుక జేబులో పర్సు ఉంటే తీసి డ్రాయరులో పడేయండి.

వేళ్ల తిమ్మిరి

ఏ వేళ్లన్నదే ఇక్కడ కీలకం. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి, రాత్రి మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకుంటుంటే మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుంటోందని అనుమానించాలి. చిటికెనవేలైతే మోచేతి దగ్గర అల్నార్ నరం వైపు చూడండి. తిమ్మిరి లేకుండా బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి ఉంటే అది ఎక్కువగా స్నాయువు వాపు.

మణికట్టు బాధకు మొదట చూడవలసింది స్కేలర్ పదును. మొండి స్కేలర్‌తో గార తీయాలంటే పట్టు బిగించక తప్పదు. సుమారు 10 మిల్లీమీటర్ల లావు పిడి ఉన్న తేలికైన పరికరాలు వాడండి. మూడు స్కేలింగులు వరసగా పెట్టుకోకండి. రెండు చేతులకూ ఒకే ఆకారంలో వచ్చే గ్లవ్స్ బొటనవేలి మొదలును లాగేస్తాయి, కాబట్టి కనీసం సైజైనా సరైనది ఎంచుకోండి. రాత్రి మణికట్టును తిన్నగా ఉంచే స్ప్లింట్ చాలామందికి ఉపశమనమిస్తుంది.

పరికరాలు చేతిలోంచి జారిపోతున్నా, బొటనవేలి కింది కండ చిక్కిపోతున్నా, చేతిలో బలం తగ్గుతున్నా సొంత వైద్యం ఆపి వెంటనే డాక్టరును కలవండి. నడుము నొప్పితో పాటు మూత్రం మీద పట్టు తప్పితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

కారణం తేలకపోతే

పని మధ్యలో పక్కనుంచి ఒక ఫోటో తీయమని అసిస్టెంటుకు చెప్పండి. పేషెంటు అనుమతి ముందే తీసుకోండి కానీ, ఎప్పుడు తీస్తారో మీకు తెలియకూడదు. తెలిస్తే నిటారుగా కూర్చుంటాం. నా ఫోటోలో నేను పేషెంటు ముక్కులోకి తొంగిచూస్తున్నట్టున్నాను.