కుక్కపిల్లకి జాడ పట్టడం నేర్పాలంటే

వాసన చూడటం కుక్కపిల్లకి మనం నేర్పక్కర్లేదు. ముక్కు నేలకి ఆనించి, తొందరపడకుండా, అడుగు వెంట అడుగు పోవడం ఒక్కటే నేర్పాలి. ఎనిమిదో వారం నుంచే మొదలుపెట్టొచ్చు. కాకపోతే పార్వో, డిస్టెంపర్ జబ్బుల టీకాల వరస పూర్తయ్యేదాకా, అంటే దాదాపు 16 వారాల వయసు వచ్చేదాకా, ఊరకుక్కలు తిరిగే గట్ల మీద దింపొద్దు. అంతవరకు ప్రహరీ ఉన్న పెరడు చాలు.

జాడలో వేసే తిండికి కోడి కార్జాన్ని ఉప్పు, ఉల్లి, మసాలా లేకుండా ఉడికించి, చల్లారాక శనగగింజంత ముక్కలు కోసుకోండి. ఉల్లి కుక్కలకి విషం. ఎండుచేపల్లో ఉప్పెక్కువ, వాటి జోలికి పోవద్దు. ముక్క నమలకుండా మింగేంత చిన్నదై ఉండాలి. నమలడానికి ఆగిందంటే తల పైకి లేస్తుంది.

పొద్దున్న ఆరింటికి, మేత పెట్టకముందు, మంచు తడి ఉన్న గరికలో రెండడుగుల చదరం ఎంచుకుని మూలన ఒక పుల్ల గుచ్చండి. ఆ చదరంలోనే నిమిషంపాటు బాగా తొక్కి, ఇరవై ముక్కలు చల్లి, రెండు నిమిషాలాగి పిల్లని వదలండి. నలిగిన గడ్డి, కదిలిన మట్టి, మీ కాళ్ల వాసన ఉన్నచోటే తిండి ఉంటుంది. చదరం దాటితే ఏమీ ఉండదు. ఆ తేడా దానంతట అదే కనిపెట్టాలి. వేలితో చూపించారా, ఇక నేలని వదిలేసి మీ చేతినే చూస్తుంది. రెండు మూడు ముక్కలు మిగిలుండగానే ఎత్తుకొచ్చేయండి. ఇలా నాలుగు రోజులు.

ఐదో రోజు చదరం నుంచి పది అడుగుల జాడ. మడమకి బొటనవేలు తగిలేలా నడుస్తూ, ప్రతి అడుగులో ఒక ముక్క వెయ్యాలి. చివర ఒక మూతలో గుప్పెడు. అక్కణ్ణుంచి పక్కకి ఒక గంతు వేసి, దూరంగా చుట్టుతిరిగి రండి. మొదట్లో, చివర్లో పుల్లలు పాతడం మరవకండి. జాడ ఎటు పోయిందో మీరే మరిచిపోతే, సరిగ్గా పోతున్న పిల్లని లాగి చెడగొడతారు. మెడపట్టీకి తాడు కడితే ముక్కు దించినప్పుడల్లా గొంతు నొక్కుకుంటుంది. ఛాతీ మీదుగా వేసే హార్నెస్‌కి రెండు మీటర్ల తాడు కట్టండి.

గాలి వెనకనుంచి ఉండాలి. ఎదురుగాలైతే ముందున్న ముక్కల వాసన గాల్లోనే తగిలి, పిల్ల తలెత్తి ఉరుకుతుంది. సోంపేట నుంచి భోగాపురం దాకా తీరపు ఊళ్లలో చలికాలం తెల్లవారుజామున గాలి సాధారణంగా సముద్రం వైపు పోతుంది, పొద్దెక్కాక తిరగబడుతుంది. కాబట్టి పొద్దున్న జాడ తూర్పుకి వెయ్యండి. అనుమానముంటే చిటికెడు దుమ్ము వదిలి చూడండి.

మన దగ్గర అసలు చిక్కు చీమలు. ఆలస్యం చేస్తే ముక్క నిండా అవే. ముక్కు మీద ఒక్కసారి గట్టిగా కుట్టాయంటే పిల్లకి నేలంటేనే భయం పట్టుకుంటుంది, దాన్ని పోగొట్టడానికి వారాలు పడుతుంది. జీడి, మామిడి చెట్ల కింద ఎర్రచీమలు మరీ ఎక్కువ. ఉద్దానం తోటల్లో నీడ బాగుందని అక్కడ మొదలుపెట్టకండి. సరుగుడు తోట అంచున ఇసుక నేల మేలు, మీ అడుగులు మీకూ కనిపిస్తాయి. కాకులు, కోళ్లు సగం ముక్కలు ఎత్తుకుపోవడం మామూలే. పిల్ల ఖాళీ అడుగుల్లో తచ్చాడుతుంటే ముందు వాటిని అనుమానించండి, పిల్లని కాదు.

కోసిన వరిమడిలో దుబ్బులు ముక్కుకీ పాదాలకీ గుచ్చుకుంటాయి. పైగా కోతకి ముందే పెసర, మినుము చల్లి ఉంటే అది తొక్కితే పక్కరైతుతో తగువే. గట్టు మీదకెళ్లేటప్పుడు కర్రతో నేలని కొట్టుకుంటూ నడవండి, ఎలక బొరియల్లో పాములుంటాయి.

జాడ మీద పిల్ల పరిగెడుతోందంటే ముక్కల మధ్య దూరం ఎక్కువైందని, లేదా మరీ ఆకలి మీదుందని అర్థం. మళ్లీ ప్రతి అడుగులో వేసి, ముందు కాస్త తినిపించి తీసుకెళ్లండి. వారానికి మూడు సార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు మించొద్దు. పది అడుగులు నిలకడగా వస్తే ఇరవై, తర్వాత ముప్పై. అప్పుడు రెండో అడుగుకి ఒకటి, ఒక్కోసారి నాలుగోదానికి ఒకటి. యాభై అడుగులు తల దించే పోతోందంటే వంపు వెయ్యొచ్చు, అదీ మూలలా కాకుండా ఏటి మలుపులా, ఆ వంపు పొడవునా మళ్లీ ప్రతి అడుగులో ముక్క వేస్తూ.