పాత లిట్టర్ మీద పటిక నీళ్లు: కలిపే తీరు, కొట్టే తీరు

గుంటూరు చుట్టుపక్కల బ్రాయిలర్ షెడ్లలో లిట్టర్ నుంచి, అంటే కోళ్ల కింద పరిచిన ఊక నుంచి, అమ్మోనియా ఘాటు మొదలవగానే ఎక్కువ మంది సున్నం సంచి విప్పుతారు. సున్నం చల్లితే పైతడి ఆరుతుంది, నేల తెల్లగా కనబడుతుంది, మనసు కుదుటపడుతుంది. ఘాటు మాత్రం ఇంకా పెరుగుతుంది. రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు విడగొడితే వచ్చే నత్రజని, లిట్టర్ పుల్లగా ఉంటే అమ్మోనియం రూపంలో ఊకలోనే ఉండిపోతుంది. క్షారంగా ఉంటే అమ్మోనియా వాయువై పైకి లేస్తుంది. పులుపునూ క్షారాన్నీ చూపే కొలత పీహెచ్ 7 దాటిన కొద్దీ అది జోరందుకుంటుంది, సున్నం ఆ పీహెచ్‌ను ఇంకా పైకి నెడుతుంది. ఖాళీ షెడ్డులో, ఊక ఎత్తేశాక నేలకూ గోడలకూ సున్నం వేయండి, కాదనను. కోడిపిల్లలు తిరిగే ఊకలో మాత్రం వద్దు.

ఊకకు కావలసింది పులుపు. అందుకు నేను వాడేది పటిక, అంటే అల్యూమినియం సల్ఫేట్. గడ్డం గీశాక రుద్దుకునే పటిక కాదు, అది పొటాష్ పటిక. మంచినీటి పథకాల్లో బురద నీటిని తేర్చడానికి వాడే రకం అడగండి. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో 1990లలోనే దీన్ని కోళ్ల లిట్టర్ మీద పరీక్షించి చూశారు. అక్కడ వెయ్యి చదరపు అడుగులకు 50 నుంచి 100 పౌండ్లు, అంటే సుమారు 23 నుంచి 45 కిలోలు వేస్తారు. నేను 25 కిలోలు పెట్టుకుంటాను. షెడ్డు మొత్తానికి కాదు, పిల్లలు మొదట దిగే బ్రూడింగ్ భాగానికే. ప్రతి బ్యాచ్‌కూ కొత్త ఊక పోసేవారికి ఈ ఖర్చు దండగ. పాత లిట్టర్ మీదే మళ్లీ పిల్లల్ని దించేవారికే ఈ పద్ధతి.

రెండు వేల చదరపు అడుగుల బ్రూడింగ్ చోటుకు లెక్క ఇది: 50 కిలోల పటిక, 100 లీటర్ల నీళ్లు. కరిగాక మొత్తం సుమారు 125 లీటర్లు అవుతుంది. నీళ్లు ఎక్కువ పోస్తే పటిక తొందరగా కరుగుతుంది నిజమే, కానీ ఆ అదనపు నీళ్లన్నీ చివరికి ఊకలోకే వెళతాయి. తడిని అదుపు చేయలేకపోతే ఏ మందూ పనిచేయదు. మా దగ్గర పనిచేసే కుర్రాడికి కూడా ముందు నేర్పింది నీళ్లు కొలవడమే, పటిక తూచడం తరువాత.

కలపడానికి ప్లాస్టిక్ డ్రమ్మే వాడాలి. పటిక నీళ్లు ఇనుమునూ జీఐ రేకునూ తినేస్తాయి. ముక్కల పటికను డ్రమ్ము అడుగున పోసి కర్రతో కలుపుతూ కూర్చుంటే సాయంత్రమైనా కరగదు. శుభ్రమైన గోనెసంచిలో వేసి, మూతి కట్టి, డ్రమ్ము పైన అడ్డకర్రకు వేలాడదీయండి. సంచి నీళ్ల పైభాగంలోనే మునగాలి. కాసేపటికి సంచి కింది నుంచి చిక్కటి తీగల్లాంటిది వణుకుతూ అడుగుకు జారడం కనబడుతుంది. కరిగిన నీరు బరువెక్కి కిందికి దిగుతుంటే తేట నీరు పైకొచ్చి సంచిని తాకుతుంది. రాత్రి కట్టి వదిలేస్తే తెల్లవారేసరికి సంచిలో మట్టీ మడ్డీ మాత్రమే మిగులుతాయి. ఆ తరువాత ఒకసారి కలియబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టండి. వడకట్టకపోతే నాజిల్ పూడుకుపోతుంది, అది కూడా సరిగ్గా షెడ్డు మధ్యలో ఉన్నప్పుడు.

కొందరు ద్రావణంగానే కొంటారు. ఆ ద్రవం లీటరు దాదాపు కిలో 300 గ్రాములు తూగుతుంది, అందులో పటిక 650 గ్రాముల వరకు ఉంటుంది. కాబట్టి 25 కిలోల పటికకు బదులు 39 లీటర్లు. అమ్మేవారు కిలోల్లో చెబుతున్నారో లీటర్లలో చెబుతున్నారో ముందే అడిగి తెలుసుకోండి.

స్ప్రేయర్ విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక మాట. మిరప చేలో పురుగుమందు కొట్టిన ట్యాంకును కడిగి షెడ్డులోకి తేవద్దు. ఎన్నిసార్లు కడిగినా గొట్టంలో, వాషర్లలో మందు మిగిలే ఉంటుంది. పటికకు విడిగా ఒక ట్యాంకు పెట్టుకోండి. నాజిల్ మంచులా చిమ్మేది కాకుండా పెద్ద చుక్కలు వేసేది కావాలి. మంచులా చిమ్మితే సగం మన ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

కొట్టే ముందు గట్టిపడిన పెచ్చులను పారతో ఎత్తి బయటికి పంపండి, ముఖ్యంగా నీళ్ల గిన్నెల కింద, కోళ్లు పొడిచి నీళ్లు తాగే నిపుల్ లైన్ల వెంట. మిగిలిన ఊకను పిడికిట్లో గట్టిగా నొక్కి వదలండి. ముద్దలాగే ఉండిపోతే ఇంకా తడి ఎక్కువ. పరదాలు ఎత్తి ఆరబెట్టాలి, కారే నిపుళ్లు మార్చాలి. కొద్దిగా అంటుకుని విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. ఒక రోజు పిల్లలకు వెచ్చదనమిచ్చే బ్రూడర్లు వెలిగించి, లేచిన అమ్మోనియాను పరదాలు తీసి బయటికి తోలండి.

తరువాత పది అడుగుల చదరం గీసి, అందులో పడవలసింది ఆరు లీటర్లు అని గుర్తుంచుకోండి. ముందు వట్టి నీళ్లతో బయట గట్టు మీద నడిచి చూస్తే, నడక వేగం ఎంతుండాలో కాళ్లకు అలవాటవుతుంది. ఆరు లీటర్లనూ ఒకేసారి కొట్టకుండా, పొడవునా మూడు, అడ్డంగా మూడు వేస్తే ఎక్కడా మడుగు కట్టదు. 16 లీటర్ల ట్యాంకు సుమారు 260 చదరపు అడుగులకు వస్తుంది. రెండు రోజుల తరువాత పిల్లలు దిగేలా చూసుకోండి. కొట్టాక ఊకను తిరగేయవద్దు, అడుగున ఉన్న క్షారం పైకి వస్తుంది.

కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు, బూట్లు తప్పనిసరి. కంట్లో పడితే చాలాసేపు నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంతకంటే ప్రమాదం ఇంకోటి ఉంది: బ్లీచింగ్ పౌడర్ కలిపిన డ్రమ్ములో పటిక పోయడం. క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన షెడ్డులో అది ప్రాణం మీదికి తెస్తుంది. బ్లీచింగ్ డ్రమ్ముకూ పటిక డ్రమ్ముకూ వేర్వేరు రంగులు కొట్టించండి. సూక్ష్మజీవుల ద్రావణాలు వాడేవారు వాటినీ పటికనూ ఒకే వారంలో కొట్టకండి. ఆ పులుపుకు అవి బతకవు.

పనిచేసిందా లేదా చూడటానికి పీహెచ్ కాగితం చాలు. గుప్పెడు ఊకకు ఐదింతల శుద్ధ జలం పోసి, కలిపి, తేరాక ముంచండి. ముందు 8 పైన ఉన్నది 6 దరిదాపులకు దిగాలి. వాసన చూడాలంటే నిలబడి కాదు, పిల్ల ఎత్తుకు గొంతుకూర్చుని చూడండి. అదీ షెడ్డులోకి వచ్చిన వెంటనే, ఎందుకంటే కాసేపటికి ముక్కు మొద్దుబారుతుంది. గాలిలో అమ్మోనియా 25 పీపీఎం (పది లక్షల భాగాల్లో 25 భాగాలు) దాటితే పిల్లల కళ్లూ శ్వాసనాళాలూ దెబ్బతింటాయి. మూడు నాలుగు వారాలకు పటిక బలం తగ్గుతుంది. అప్పటికి కోళ్లు పెద్దవై ఉంటాయి కాబట్టి పరదాలు బాగా తెరిచి గాలి ఆడనివ్వాలి.

బ్యాచ్ అయ్యాక ఎరువుకు అడిగే మిరప రైతులకూ దుగ్గిరాల వైపు పసుపు రైతులకూ పటిక వేసిన సంగతి చెప్పండి. గాలిలో కలిసిపోవలసిన నత్రజని ఇందులో ఎక్కువ నిలుస్తుంది. భాస్వరం అల్యూమినియంతో కలిసి గట్టిపడి, వాన నీటితో కాలువల్లోకి తక్కువగా పోతుంది. ధర మాట్లాడేటప్పుడు ఈ రెండూ మీకు పనికొస్తాయి.