విహార నౌకలో ఈడువారితో పరిచయం పెంచుకోవడం ఎలా?

విశాఖపట్నం రేవులో 2023లో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. కుటుంబంతో అక్కడ ఓడ ఎక్కే పదిహేనేళ్ల పిల్లలు మొదటి సాయంత్రాన్ని గదిలో నిద్రతో గడిపేయకూడదు, ఎందుకంటే స్నేహబృందాలు చాలావరకు ఆ పూటే ఏర్పడతాయి. ప్రయాణికులందరూ తప్పనిసరిగా పాల్గొనవలసిన భద్రతా శిక్షణలో తమ ఈడువారు ఎవరున్నారో గమనించి, ఆ తరువాత ఈతకొలను దగ్గరో ఆటల గదిలోనో వారిని పలకరించవచ్చు. టేబుల్ టెన్నిస్ బల్ల దగ్గర ఒంటరిగా బంతిని ఎగరేస్తున్న కుర్రవాడిని "ఒక గేమ్ ఆడదామా?" అని అడిగితే చాలు, పేరు, ఊరు, తరగతి వివరాలు ఆటలోనే బయటపడతాయి. ర్యాంకుల ఆరా మాత్రం పెద్దవాళ్లకే వదిలేయడం మేలు!

తీరం దాటాక ఫోన్ సిగ్నల్ అందదు, ఓడలోని వైఫైకి సాధారణంగా విడిగా డబ్బు కట్టాలి. కాబట్టి విడిపోయే ముందే మళ్లీ ఏ డెక్‌పై, ఎన్ని గంటలకు కలవాలో నోటిమాటగా ఖాయం చేసుకోవాలి. ఎక్కడికి వెళుతున్నదీ అమ్మానాన్నలకు చెప్పాలి, కొత్తవారి గదుల్లోకి మాత్రం వెళ్లకూడదు. దిగే రోజు ఉదయం సామాన్ల హడావుడిలో ఎవరూ దొరకరు గనుక, ఇంట్లోవారి అనుమతితో ఫోన్ నంబర్లను ముందురోజు రాత్రే తీసుకోవాలి.