రేసు కిట్‌ని రోడ్డు కారు చేయాలంటే పని బానెట్ కిందే మొదలెట్టండి

ప్లాస్టిక్ మోడల్ కార్ల కిట్ కట్టేటప్పుడు, స్టిక్కర్లు అతికించకుండా వదిలేసి, రోల్ కేజ్ (డ్రైవర్ చుట్టూ ఉండే రక్షణ పైపుల చట్రం) పీకేసి, చక్రాలు మార్చేస్తే రేసు కారు కాస్తా రోడ్డు కారైపోతుందని చాలామంది అనుకుంటారు. బయటినుంచి చూస్తే అవుతుంది కూడా. బానెట్ ఎత్తితే బండారం బయటపడుతుంది. ఎందుకంటే రేసు ఇంజిన్‌లో సామాను తక్కువ, రోడ్డు ఇంజిన్‌లో ఎక్కువ: ఏసీ కంప్రెసర్, హీటర్ గొట్టాలు, వైపర్ నీళ్ల డబ్బా, ఓ మూల బ్యాటరీ, పైన పెద్ద పళ్లెమంత ఎయిర్ ఫిల్టర్. వీటిలో చాలావరకు రేసు కిట్ పెట్టెలో ఉండవు, మనమే చేర్చుకోవాలి.

ఉదాహరణకి 1980ల్లో అమెరికా నాస్కార్ రేసుల్లో పరిగెత్తిన మాంటే కార్లో కారు కిట్ తీసుకుందాం, 1/24 సైజు, అంటే అసలు బండిలో 24వ వంతు. వెనక అద్దం బాగా వాలుగా ఉండే ఏరోకూపే రకం. షెవ్రొలే వాళ్లు 1986లో దీన్ని రోడ్డు మీదకి 200 మాత్రమే వదిలారు, అదీ రోడ్డు మీద అమ్మిన బాడీనే రేసులో వాడాలన్న నిబంధన కోసమే. అంటే రేసు కారుకీ రోడ్డు కారుకీ బాడీ దగ్గరి చుట్టరికమే, కాబట్టి మార్చడానికి ఇంతకన్నా అనువైనది దొరకదు.

ముందు ఇంజిన్ మీద కనిపించే వైర్లకీ పైపులకీ కావాల్సిన తీగలు. ఆన్‌లైన్‌లో మోడల్ వైర్ల ప్యాకెట్టుకి చెప్పే రేటు చూసి టెన్షన్ పడక్కర్లేదు, మన గోదావరి జిల్లాల్లో సన్న తీగకి కరువు లేదు. భీమవరం, పాలకొల్లు, అమలాపురం ఎక్కడికెళ్లినా చెరువుల ఏరేటర్ మోటార్లు, పొలం మోటార్లు చుట్టే వైండింగ్ షాపులుంటాయి కదా, అక్కడికెళ్లి ముప్పై నంబరు రాగి తీగ ముక్క అడగండి. వాళ్లు కేజీల లెక్కన అమ్ముతారు, రెండు బారల తీగ అంటే నవ్వి ఊరికే ఇచ్చేస్తారు. కాలిన కాయిల్‌లోంచి తీసిచ్చేది మాత్రం వద్దనండి, పైపూత పొట్టులా రాలిపోతుంది. ముప్పై నంబరే ఎందుకంటే, అసలు బండిలో ప్లగ్ వైరు 8 మిల్లీమీటర్లు, దాన్ని 24తో భాగిస్తే 0.33, ముప్పై నంబరు తీగ మందం 0.31. కంటికి తేడా తెలియదు. బ్రేక్ పైపులకి ముప్పై ఆరో నంబరు, 0.19. హీటర్ గొట్టాలకి ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే 1 మిల్లీమీటరు సోల్డర్ తీగ బ్రహ్మాండంగా ఉంటుంది, వేలితో ఎలా వంచితే అలా ఉంటుంది.

వలల షాపులో నైలాన్ దారం కూడా చవకే కానీ నా మటుకు నేను వాడను, వంచిన చోట నిలవదు. నరసాపురం లేసు దారం ఇంట్లో ఉంది కదా అని వాడేవాళ్లున్నారు. దాని నూగు ఈ సైజులో గొంగళిపురుగులా కనిపిస్తుంది.

ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్, అంటే ప్లగ్గులకి వరసగా కరెంటు పంచేది. ఈ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌లో అది వెనక, క్యాబిన్ గోడ పక్కన ఉంటుంది. మూత మీద గుండ్రంగా ఎనిమిది చోట్ల సూదిమొనతో గుచ్చి గుర్తు పెట్టుకోండి, ఆ తర్వాత 0.4 డ్రిల్ బిట్‌ని చేతి డ్రిల్‌కి బిగించి వేళ్లతోనే నిదానంగా తిప్పండి. గుర్తు పెట్టకుండా దిగితే బిట్ జారి పక్క రంధ్రంలో పడుతుంది. 1986 బండికి ఇగ్నిషన్ కాయిల్ మూతలోనే ఉంటుంది కాబట్టి మధ్యలో తొమ్మిదో రంధ్రం అక్కర్లేదు. అదే 1960ల బండి చేస్తుంటే అక్కడా ఒకటి పెట్టి, విడిగా ఉండే కాయిల్‌కి తీగ లాగాలి.

తీగలు ఎటు పడితే అటు పెట్టేయొద్దు, చూసేవాళ్లలో ఒకడైనా తెలిసినవాడు ఉంటాడు. షెవ్రొలే వీ8లో సిలిండర్లు మండే వరస 1-8-4-3-6-5-7-2, డిస్ట్రిబ్యూటర్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. రేడియేటర్ నుంచి వెనక్కి లెక్కపెడితే ఎడమ వరసలో 1, 3, 5, 7, కుడి వరసలో 2, 4, 6, 8. అమెరికా బండి కదా, ఎడమంటే డ్రైవర్ పక్క. మూత మీద ముందువైపు ఎడమకి ఉన్న రంధ్రాన్ని ఒకటి అనుకుని అక్కణ్ణుంచి చుట్టూ వరస పెట్టుకుంటూ పోండి. 5, 7 తీగలు మాత్రం కలిపి కట్టకండి. ఆ రెండూ పక్కపక్క సిలిండర్లే, మండడం కూడా ఒకదాని వెంట ఒకటి, అందుకే అసలు బండిలోనూ మెకానిక్‌లు వాటిని ఎడంగా లాగుతారు. తీగని ముందు వంచి ఆకారం తెచ్చాకే నలుపు వేయండి, ముందే వేస్తే వంపు దగ్గర పెయింట్ పగులుతుంది. ప్లాస్టిక్ జిగురు రాగికి పట్టదు, ఫెవిక్విక్ సూదిమొనంత చాలు. అద్దాలు బిగించాక మాత్రం దాని జోలికి పోకండి, ఆవిరికి అద్దం తెల్లగా పొగబారుతుంది. అద్దాలకి ఫెవికాల్ మేలు.

ఇంజిన్ దిమ్మ (బ్లాక్) రంగు చూసుకోండి. నారింజ రంగు అరవైల, డెబ్బైల షెవ్రొలేలది, 1986కి నలుపే. ఏసీ కంప్రెసర్ మీ దగ్గర పాత కిట్ల ముక్కల్లో లేకపోతే, కిట్ ముక్కలు అంటుకుని వచ్చే ఫ్రేము కాడని ఫొటో చూసి బిళ్లగా కోసి నునుపు చేసుకోండి. బెల్టుకి నల్ల కాగితం సన్నటి పీలిక.

బాడీ సంగతికొస్తే, రేసు కారుకి హెడ్‌లైట్లు ఉండవు, స్టిక్కరే. పక్కకి రెండేసి దీర్ఘచతురస్రపు లైట్ల చోటు తొలిచి, లోపల చాక్లెట్ రేకు, పైన మాత్రల స్ట్రిప్‌లోని పారదర్శక ప్లాస్టిక్ కోసి పెట్టండి. కేజ్ తీసిన రంధ్రాలు, బానెట్ పిన్నుల గుంటలు ఎంసీల్‌తో పూడ్చండి. వెనక సీటు వేరే కిట్‌లోంచి తెచ్చుకోవడమే సుఖం. డోర్ హ్యాండిళ్లు, వైపర్లు, సైడ్ అద్దాలు, నంబర్ ప్లేటు, ఇవి ఒక్కటి మరిచినా రేసు వాసన పోదు.

పెయింట్ విషయంలో మన వాతావరణమే పెద్ద శత్రువు. ముసురు పట్టిన రోజు లాకర్ పెయింట్ (థిన్నర్‌తో కలిపి కొట్టే, త్వరగా ఆరే రకం) కొడితే థిన్నర్ ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలో తేమ దాని మీద దిగి తెల్లటి పొర కడుతుంది. చలికాలం పొద్దున పది దాటి మంచు విడిచాక కొట్టండి. పొర కట్టేసిందా, ఎండ కాసిన రోజు చూసి నిదానంగా ఆరే థిన్నర్ పలచగా చల్లితే చాలావరకు పోతుంది.

ఒక్కో వస్తువు చేర్చినప్పుడల్లా బానెట్ మూసి చూడండి, అన్నీ అయ్యాక కాదు. ముఖ్యంగా ఎయిర్ ఫిల్టర్ పెట్టినప్పుడు. తగులుతుంటే బానెట్ అరగదీయకండి, ఇంజిన్ కూర్చునే దిమ్మల్ని (మౌంట్లు) అర మిల్లీమీటరు తగ్గిస్తే సరిపోతుంది. అందుకే ఇంజిన్‌ని ఛాసిస్‌కి అతికించడం ఆఖరి పనిగా ఉంచుకోండి.