పోర్టోరికో వెళ్ళే ముందు నీళ్ళ సంగతి తెలుసుకోండి

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి కరీబియన్ అనగానే ముందు పోర్టోరికో గుర్తొస్తుంది. అది అమెరికా భూభాగమే కాబట్టి వీసా స్టాంపింగ్ గొడవ లేదు. ఆ ధీమాతో పాస్‌పోర్టు ఇంట్లో వదిలేసి మాత్రం బయల్దేరకండి. తిరుగు ప్రయాణంలో శాన్ హువాన్ ఎయిర్‌పోర్టులో కాగితాలు అడగొచ్చు. హెచ్1బీ వాళ్ళు ఐ-797 (ఆమోద పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు) కూడా పెట్టుకోండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల పాస్‌పోర్టులు మీ సంచీలోనే ఉండాలి. అక్కణ్ణుంచి పక్క దీవులకి క్రూజ్ ఎక్కితే వీసా లెక్క వేరే, అది విడిగా చూసుకోండి.

సెప్టెంబరులో టికెట్లు చవగ్గా దొరికాయంటే ఊరికే కాదు. తుఫాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. అందులో గట్టి రోజులు ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు వరకు. 2017 సెప్టెంబరు 20న మరియా తుఫాను దీవిని అడ్డంగా చీల్చుకుంటూ పోయింది. కరెంటు వ్యవస్థ ఇప్పటికీ బలహీనమే. 2024 డిసెంబరు 31న, మళ్ళీ 2025 ఏప్రిల్ 16న దాదాపు దీవంతా చీకటైంది. గది బుక్ చేసేటప్పుడు జనరేటరు, నీళ్ళ ట్యాంకు ఉన్నాయా అని అడగండి. ట్రిప్ ఇన్సూరెన్సు ముందే తీసుకోండి, తుఫానుకి పేరు పెట్టాక కొంటే దానికి వర్తించదు.

చలికాలంలో వెళ్తే భయం లేదనుకుంటారు. నా లెక్కలో అసలు మోసం అప్పుడే. ఎక్కడో ఉత్తర అట్లాంటిక్‌లో గాలివాన లేస్తుంది, ఇక్కడ నిర్మలంగా ఎండ కాస్తుంటే ఉత్తర తీరానికి నిలువెత్తు అలలొస్తాయి. మోకాళ్ళ లోతులో ఫొటో దిగుతున్న మనిషిని కూడా లాక్కుపోతాయి. చాలా బీచుల్లో లైఫ్‌గార్డులుండరు. పిల్లలతో వెళ్తే లుకీయో లాంటి బల్నేయారియోలకే, అంటే ప్రభుత్వ బీచులకే వెళ్ళండి, గార్డు ఉన్నాడో లేదో చూసుకునే దిగండి. ఎర్రజెండా ఉంటే దిగొద్దు. రిప్ కరెంట్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి పోయే నీటి పాయ, లోపలికి లాగితే దానికి ఎదురీదకండి. ఒడ్డు వెంబడి పక్కకి ఈది, లాగుడు తగ్గాక బయటికి రండి.

ఎల్ యుంకే అడవిలోనూ ఇదే తంతు. పైన కొండ మీద కురిసిన వాన కింద ఎండలో స్నానం చేసే మీకు కనబడదు. నీరు ఉన్నట్టుండి మట్టిరంగుకి తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా చెప్పులు కూడా వెతుక్కోకుండా గట్టెక్కండి. ఒంటి మీద పుండ్లుంటే ఏటిలో దిగకండి, లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జబ్బు రావచ్చు.

దోమల మందు రాసుకోవడం మరవొద్దు. 2024 మార్చిలో అక్కడ డెంగీకి ఎమర్జెన్సీ ప్రకటించారు. అయితే వియెకెస్ దీవిలో రాత్రిపూట నీళ్ళు వెలిగే మస్కిటో బే దగ్గర ఆ మందు రాసిన చేతులు నీటిలో పెట్టకండి. ఆ వెలుగంతా సూక్ష్మజీవులదే. అక్కడ ఈత నిషేధం, కయాక్‌లోంచే చూడాలి. అమావాస్య దగ్గర్లో వెళ్ళండి, పౌర్ణమికి వెళ్తే డబ్బు దండగ. అదే దీవిలో 2003 దాకా అమెరికా నేవీ బాంబులేసి సాధన చేసింది. పేలనివి ఇంకా ఉన్నాయి కాబట్టి కంచె వేసినచోట అడుగుపెట్టొద్దు. ఒడ్డున చిన్న ఆకుపచ్చ ఆపిల్‌లా కనిపించే కాయ మాంచినీల్ కావచ్చు. అది విషం. వానొస్తే ఆ చెట్టు కింద నిలబడినా బొబ్బలెక్కుతాయి.

శాకాహారులకి ఒక్క మాట. అన్నం, చిక్కుడు గింజల కూర చూసి సంబరపడతాం గానీ, గింజల్లో తరచూ పంది మాంసం వేస్తారు. ‘సిన్ హమోన్’, అంటే స్పానిష్‌లో హామ్ (పంది మాంసం) లేకుండా, అని అడగండి.

మామిడిపళ్ళు మాత్రం అక్కడే తినేయండి. ఎయిర్‌పోర్టు వ్యవసాయ తనిఖీలో తీసేసుకుంటారు.